మేడ మీది గాలి

అంజూర్ ఫాటాలో మేము అద్దెకుంటున్న ఎనిమిదో అంతస్తు బాల్కనీలో మా బాపు తువ్వాలును నేను ఆరేస్తే గాలి దాన్ని గుంజుతూనే ఉంటుంది. ఎన్నిసార్లు ఉతికినా అందులోంచి బట్ట నేసే సాంచెల నూనె, దూది నుసి కలిసిన మా పాత బస్తీ పద్మనగర్ వాసన మాత్రం పోదు.

నా చిన్నప్పటి వేసవి అంటే ఆ వాసనే. గాలికి నూలు తెగుతుందని కిటికీలు మూసి ఉంచిన కార్ఖానా, దాని వెనుకనే మా ఒంటిగది ఖోలీ, గడప మీద కూర్చుని జొన్న అంబలిలో ఉల్లిగడ్డ నంజుకుంటూ చెమటలు తుడుచుకునే పెద్దవాళ్లు, ఆ అంబలి మీద కూడా తేలే తెల్లటి నుసి. కూలికి సాంచెలు నడిపే బాపు ఊపిరి ఆ నుసితోనే ఏటేటా కురచైంది. గాలి ఆడే చోట పడుకోమన్నాడు డాక్టరు.

గాలి ఎక్కడుందో పిల్లలకు తెలుసు. తెగిన నూలు పోగులను పొడవాటి వెదురుకు కింది నుంచి పైదాకా ముడివేసి సందులో నిలబెట్టడం మా ఆట. మోకాలి దగ్గరి పోగులు చచ్చినట్టు వేలాడేవి, తలపైవి కాస్త ఊగేవి, కార్ఖానా మేడ అంచు దాటిన చివరివి మాత్రం పటపటా కొట్టుకునేవి. ఆ చివరి పోగులను చూశాకే బాపు మేడ తాళం అడగడానికి కార్ఖానా సేటు దగ్గరికి వెళ్లాడు, నేనూ వెంట వెళ్లాను. సేటు మా ఊరి వైపు మనిషే.

"సేటూ, ఎండకాలం ఎల్లేదాక మీద పండుకుంట."

"నువ్వేమన్న తడి నూలువా తమ్మీ, మీద ఆరెయ్యనీకి? ఇయ్యాల నీకిస్తే రేపు అందరు సాపలు పట్టుకొని ఎక్కుతరు. పో, సాంచె సూస్కో."

తన మాటకు తానే నవ్వాడు సేటు. బాపు కూడా నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

"గాలిని మీద పెట్టి తాళమేసిండా బాపూ?"

"ఊకో బిడ్డా, ఇంటడు."

వానలు రాకముందే బాపు ఆ ఖోలీలోనే, తలుపు వైపు మొహం పెట్టి పోయాడు.

బడి మానేశాక లైబ్రరీయే నాకు బడి. అక్కడి పుస్తకాల్లో చదివాను: నేలను, గోడలను రాసుకుంటూ పోయే గాలి ఆ రాపిడికి వేగం కోల్పోతుందట, ఇరుకైన ఇళ్ల మధ్య దాదాపు చచ్చిపోయి, కప్పులు దాటగానే చప్పున పుంజుకుంటుందట, ఆపైన ఎత్తు పెరిగేకొద్దీ నెమ్మదిగా పెరుగుతుందట. అంటే బాపుకు కావలసింది ఒక్క మేడ ఎత్తు. తాళం సంగతి ఏ పుస్తకంలోనూ లేదు.

మొన్న పద్మనగర్ వెళ్తే ఆ మేడే లేదు. దాని మీద ఇంకో అంతస్తు లేచింది; అందులోనూ సాంచెలు, అందులోనూ మూసిన కిటికీలు. సందులో వెదురు లేదు, పోగులు ముడివేసే పిల్లలూ లేరు.

తువ్వాలు ఎగిరిపోకుండా ఇంకో క్లిప్పు పెడతాను. బాపుకు ఒక్క వేసవైనా దొరకని గాలి, బాపు తువ్వాలుకు ఏడాది పొడుగునా దొరుకుతోంది.