మీసాల రాణి

పెళ్లయి మట్టెవాడకు వచ్చిన మరుసటి ఏడు, ఒక ఉదయం మా వాకిట్లో పగటివేషగాడు నిలబడ్డాడు. తలమీద జిగేలుమనే కాగితం అంటించిన కిరీటం, నడుముకు కొయ్యకత్తి, మూతిమీద గుబురు మీసం.

బియ్యం చెరుగుతున్న అత్తమ్మ తలెత్తి చూసింది. "ఏ రాజువయ్యా నువ్వు?"

"రాజును కాదు తల్లీ, రాణిని. ఈ ఓరుగల్లును ఏలినదాన్ని."

"రాణివైతే మీసమేంది?"

"మా నాయనకు కొడుకులు లేరు. నన్నే కొడుకు లెక్క పెంచిండు. దర్బారుకు మగ బట్టలే కట్టుకునేదాన్ని. మీసం మాత్రం నా సొంతం, తియ్యబుద్ధి కాలే."

అత్తమ్మ చేట పక్కన పెట్టి నవ్వింది. ఆమె అలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. అతను గుర్రమెక్కి శత్రువుల మీదికి పోయిన సంగతి చెబుతుంటే, తలుపు చాటున ఉన్నదాన్ని నాకు తెలియకుండానే వాకిట్లోకి వచ్చేశాను.

"బిడ్డా, నా కోట చూసినవా?" అని నన్నే అడిగాడు.

లేదన్నాను. కోట మా ఇంటికి నడిచిపోయేంత దూరమే.

రాణి కత్తి దూసింది. "ఏడాది సంది నా పట్నంల ఉంటాంది, నా కోట చూడలేదా? ఈ ఇంటి పెద్దను పిలువుండ్రి."

మామయ్య బట్టల దుకాణం ఇంటి ముందుగదిలోనే. రెండో ప్రపంచ యుద్ధం రోజులు, సరుకు దొరకక ఆయన ఎప్పుడూ చిరాగ్గా ఉండేవారు. గజంబద్దతో వచ్చిన ఆయన్ని చూసి నేను మళ్లీ తలుపు చాటుకు జరిగాను. ఆయన కోడలికి కోట చూపించాలన్న రాణి ఆజ్ఞంతా విని, చేతులు కట్టుకుని, "తప్పయింది అమ్మగారూ, జర మాఫ్ చెయ్యుండ్రి. ఐతారం పంపిస్త" అన్నారు.

అన్నట్టే ఆదివారం బండి కట్టించారు. అత్తమ్మా నేనూ వెళ్లాం. కోటగోడ పక్కన ఒకాయన అంగీ ఉతుక్కుంటున్నాడు. మీసం చూసి అత్తమ్మ గుర్తుపట్టింది.

"నిజంగ వస్తరనుకోలేదమ్మా" అన్నాడతను, తలెత్తకుండా. వేషం లేకపోతే అంత మొహమాటస్తుడు. అయినా చేతులు తుడుచుకుని మాతో వచ్చాడు. రాతి తోరణాలు దగ్గరపడేకొద్దీ గొంతు పెరిగింది. తోరణం కిందికి చేరేసరికి మళ్లీ రాణి అయిపోయాడు. చేతిలో కత్తి లేదు, తడి అంగీ ఉంది. కూలిన రాళ్ల మీద కూర్చుని ముగ్గురం జొన్నరొట్టెలు, మామిడి తొక్కు పచ్చడి తిన్నాం.

తిరిగి వస్తుంటే బండిలో అత్తమ్మ మెల్లగా అంది: "నేను గూడ ఇయ్యాల్నే చూసిన బిడ్డా. ఈ ఇంటికొచ్చి ఇరవై ఏండ్లాయె."

మరుసటి ఆదివారం, దూరమైనా సరే, గుడి చూడటానికి పాలకుర్తి గుట్టకు పోదామని తనే బండి మాట్లాడింది. మామయ్యకు తరువాత చెప్పింది.