బంద్ కాని జీపు

మనుమలు పుట్టినంక అక్షరాలు నేర్చుకున్న. తిప్పి తిప్పి మెత్తగ రాసుడు నాకు రాదు. నా పెనిమిటి మొండితనానికి నా యారాలు, అంటే మా మరిది పెండ్లాం, సచ్చేదే. గదే రాస్తున్న.

మాది మొయినాబాద్ పక్కన బంతితోట. పూలు మోసేది పాత డీజిల్ జీపు. అది బంద్ కావాలంటే తాళం తిప్పితే సాలదు, స్టీరింగ్ కింది గుబ్బ గుంజాలె. గుబ్బకు తీగ, తీగ కొసకు డీజిల్ పంపు మీది చిన్న మీట. మీట పూర్తిగ జరిగితేనే డీజిల్ ఆగుతది. దసరా పోయినకాన్నుంచి ఎంత గుంజినా ఇంజిన్ గుడగుడ ఆడుతనే ఉన్నది. ఈయన ఏం జేసిండు? బ్రేకు తొక్కి, గేరేసి, క్లచ్చి ఇడిసి, జీపును ఒక్క ఎగురు ఎగిరిచ్చి ఆపుడు అలవాటు చేసుకున్నడు.

"ఎందుకు బంద్ కాదో సూపియ్యవయ్యా" అంటే, "ఆగుతున్నది గదనే, ఎందుకు ఒర్రుతవ్?" అంటడు.

ఆ పొద్దు చేవెళ్ల మార్కెట్ల గోడకు ఎదురుగ పెట్టిండు. యారాలు ముందటి నుంచి దాటుతున్నది. ఈయన చూడకనే క్లచ్చి ఇడిసిండు. బంపర్ ఆమె కుచ్చిళ్లను గోడకు అదిమి పట్టింది. మోకాలికి బెత్తెడు దూరం. నా తిట్లు మార్కెట్ మొత్తం విన్నది.

యారాలిని గూడ ఎక్కిచ్చుకొని అటే మెకానిక్ దగ్గరికి తోలిచ్చిన. "పంపు పోయినట్టున్నది" అన్నడు ఈయన, దిగకముందే.

"జర ఆగు బాపు" అని మెకానిక్ మీటను చేత్తో గట్టిగ నూకిండు. ఇంజిన్ టక్కున ఆగింది. "పంపు మంచిగనే ఉన్నది." తీగ కొస ఊడదీసి గుంజిండు, సాఫీగ ఆడింది. "తీగ గూడ మంచిదే. మీటనే ఏదో పట్టుకున్నది" అని టార్చి ఏసిండు.

మీట చుట్టు దారం. నూనెకు నల్లవడ్డ బంతిపూల తొడిమెలు. దసరా పూజకు అందరు బండి ముందట దండ కడితే, ఈయన బానెట్ లేపి ఇంజిన్‌కు గూడ కట్టిండు!

"కొయ్యి" అన్న.

"పూజ దండనే అది. దానంతటదే రాలాలె" అని ఈయన చెయ్యి అడ్డం పెట్టిండు.

"దండ తెగొద్దు, ఆడమనిషి కాలు ఇరిగితే ఏం గాదా?" మూటలు కోసే కత్తి తీసి నేనే తెంపిన.

మెకానిక్ తీగ మళ్ల తగిలిచ్చి ఇంజిన్ చాలు చేసిండు. గుబ్బ గుంజితే ఒక్కసారికే బంద్ అయింది. ఈయన దారం ముక్కలేరి కండ్లకు అద్దుకుంటున్నడు.

"దానికి కాదు, మరదలికి చెప్పు తప్పయిందని."

"ఆగింది గద" అన్నడు.

"పోనియ్ అక్కా" అని యారాలు నవ్వింది. నాకు నవ్వు రాలే. జీపు ఇప్పుడు మంచిగనే ఆగుతది. ఆమె మాత్రం ఇప్పటికీ దాని ముందటి నుంచి దాటదు, ఎనకనుంచి తిరిగొస్తది.