ఆరువందల చెట్ల మీద పదకొండు

మాలకొండయ్యకు ఉన్నది ఒక్కటే జబ్బు: చేతికి అందినదాని చుట్టూ టేపు వేసి కొలవకపోతే అతనికి ఆ పూట గడవదు. చెట్టు కావచ్చు, బర్రె మెడ కావచ్చు, నీళ్ళ బిందె కావచ్చు, పలకరించడానికి వచ్చిన చుట్టం కావచ్చు. మెడలో తువ్వాలు ఉండవలసిన చోట అతనికి దర్జీల టేపు వేలాడుతుంది. అతను ఉదయగిరి బజారులో కనబడితే చాలు, బొజ్జలున్న పెద్దమనుషులు ఊపిరి బిగబట్టి పక్క సందులోకి తప్పుకుంటారు.

ఒకసారి ఆత్మకూరు బస్సులో కండక్టరు టికెట్టు కోసం చెయ్యి చాపాడు. మాలకొండయ్య ఆ చేతిలో డబ్బులు పెట్టే బదులు, మోచేతికి పైన దండకు టేపు చుట్టాడు.

"ఏంది పెద్దాయనా ఇది?"

"కదలబాకు. ఇరవై ఎనిమిది. పర్లేదు, మా నూట పదహారో నంబరు మోదుగంత ఉండావు."

అది దీవెనో తిట్టో తేల్చుకోలేక ఆ కండక్టరు దుత్తలూరు దాకా తన దండనే తడుముకుంటూ నిలబడ్డాడు. మరొకసారి ఒక పెళ్ళిలో, పురోహితుడు కంకణం కట్టబోతూ ఉండగా, మాలకొండయ్య పెళ్ళికొడుకు మణికట్టు కొలిచి, "నిశ్చితార్థం నాటికీ ఈ నాటికీ ఒక సెంటీమీటరు తగ్గినాడు. ఆడపిల్ల తరఫోళ్ళు ఏందో కనుక్కోండబ్బా" అని సభాముఖంగా ప్రకటించాడు. ఆ ముహూర్తం తప్పిపోకుండా కాపాడడానికి నలుగురు పెద్దలు అతన్ని భోజనాల పందిట్లోకి మోసుకుపోవలసి వచ్చింది. అక్కడ అతను అరిటాకులు కొలిచాడు.

ఈ జబ్బు పుట్టుకతో వచ్చింది కాదు. ఉదయగిరి కొండ వాలున ఉన్న బండకిందపల్లె జనం ఆరేళ్ళ క్రితం ఒక కట్టుబాటు చేసుకున్నారు. ఊరి పైనున్న అడవిలో గొడ్డలి పెట్టరాదు, మేకలను తోలరాదు, ఎండాకాలం నిప్పు పడితే ఇంటికొకరు పరుగెత్తాలి. ఈ కట్టుబాటుకు కార్బన్ క్రెడిట్ల పేరిట బెంగుళూరు కంపెనీ ఒకటి సొమ్ము ఇస్తామంది. ఆ సొమ్ముతో అడవికి కాపలావాళ్ళు, ఇళ్ళ దగ్గర కట్టేసిన మేకలకు మేత. మేకలు మేపి బతికిన మాలకొండయ్యకు కొలతలవాడి పని దొరికింది. మూడు రోజుల శిక్షణలో చెప్పిన శాస్త్రమంతా అతను ఊరికి మూడు ముక్కల్లో చెప్పాడు.

"చెట్టు గాలిలో పొగ మింగతాది. మింగింది నడుములో కనపడతాది. ఆ నడుము కొలిచి చూపిస్తే, యాడనో పొగ వదిలేవోళ్ళు మనకి డబ్బిస్తారు."

చెట్టుకొక రేకు బిళ్ళ, బిళ్ళకొక నంబరు, నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున చుట్టుకొలత. చండ్ర, రేల, బిల్లు, నల్లమద్ది, మోదుగ కలిసి ఆరువందల చెట్లు. అంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు. అయితే, అడవిని చూసుకునే ఊరి కమిటీలో సభ్యుల దండ చుట్టుకొలత ఇరవై నాలుగు సెంటీమీటర్లకు తగ్గకూడదని కంపెనీ రూలు ఉన్నదని, తగ్గినవాళ్ళకు సభ్యత్వం పోతుందని, మాలకొండయ్య ఒకనాడు చాటింపు వేశాడు. అక్కడే వచ్చింది తగాదా.

తగాదా పెట్టుకున్నవారు కమిటీ కార్యదర్శి రాజమోహన్ గారు. రిటైరైన తెలుగు అయ్యవారు, ఒంటరి మనిషి. పందొమ్మిది వందల ఎనభై మూడు నాటి కరెంటు బిల్లు కూడా ఆయన బీరువాలో భద్రంగా ఉంటుంది. కాయితం లేని మాట ఆయన దృష్టిలో పుట్టని బిడ్డతో సమానం. పొయ్యి మీద అన్నం పెట్టి, పాత ఫైలొకటి తెరిచి, మాడు వాసన వచ్చేదాకా లోకం మరచిపోవడం ఆయనకు నిత్యకృత్యం.

"మాలకొండయ్యా, ఆ రూలు కాయితం ఏదయ్యా?"

"వస్తాది అయ్యోరూ. పోస్టులో ఉండాది."

"రెండేళ్ళుగా పోస్టులో ఉందా? బెంగుళూరు నుంచి నడిచి వస్తోందా?"

"కొండ ఎక్కాల గదా, ఆలీసం అవతాది."

ఆయన కంపెనీకి మూడు జాబులు రాశారు. మూడింటి నకళ్ళూ ఫైలులో ఉన్నాయి, జవాబు ఒక్కటీ లేదు. ఈలోగా మాలకొండయ్య తన మేకల పాలు, తన కోళ్ళ గుడ్లు సంచిలో వేసుకుని కొలత తగ్గిన సభ్యుల గడపలు తొక్కుతూనే ఉన్నాడు. కార్యదర్శికి కూడా 'సెక్రటరీ అలవెన్సు' కింద వారానికి రెండుసార్లు నాలుగేసి ఉడికించిన గుడ్లు ముట్టేవి. రాజమోహన్ గారు తింటూనే మండిపడేవారు. మండిపడుతూనే ప్రతి నాలుగు గుడ్లకూ ముద్ర వేసి రసీదు ఇచ్చేవారు.

అందరికంటే ఎక్కువగా మండిపడింది రాఘవమ్మ. ఆమె డెబ్బై దాటిన ఒంటరి మనిషి. ఒకప్పుడు ఎవరో దాతలు ఫోటో తీసుకుంటూ బియ్యం ఇవ్వబోతే, గోతంతో సహా వీధిలోకి విసిరిన ఘనత ఆమెది. అటువంటి రాఘవమ్మ కూడా సభ్యత్వం పోతుందనేసరికి, ముక్కు మూసుకుని రోజూ మేకపాలు తాగింది. తాగిన ప్రతిసారీ కంపెనీని ఏడు తరాల దాకా తిట్టింది.

నిరుడు ఎండలు ముదిరే వేళకు కంపెనీ లెక్కలు తనిఖీ చేయడానికి సుస్మిత అనే ఆడిటరమ్మ వచ్చింది. బండి దిగీ దిగకముందే మాలకొండయ్య ఆమె దండకు టేపు చుట్టేశాడు.

"ఇరవై రెండు. మేడమ్, మా కమిటీలో నువ్వు పనికిరావు."

ఆమె నవ్వింది. రెండు రోజులు కొండంతా తిరిగి, తన టేపుతో చెట్లు కొలిచింది. ఎక్కడా తేడా లేదు. మూడో రోజు బడి వరండాలో కూర్చుని, రాజమోహన్ గారు ముత్యాల్లాంటి అక్షరాలతో నింపి పంపిన ఫారాలు ముందు వేసుకుంది. అప్పుడు నవ్వలేదు.

"సార్, లెక్కలో ఆరువందల పదకొండు చెట్లు ఉన్నాయి. కొండ మీద ఆరువందలే ఉన్నాయి. ఆ పదకొండు ఎక్కడ?"

రాజమోహన్ గారి కళ్ళజోడు జారింది.

"పైగా అవి వింత చెట్లు. ఆరువందల మూడు చూడండి. రేల చెట్టు. మొదట ఇరవై ఒకటిన్నర. వేసవిలో ఇరవైన్నర. వానల తర్వాత ఇరవై మూడు. చెట్టు పెరుగుతుంది, లేదా చస్తుంది. చిక్కిపోయి మళ్ళీ ఒళ్ళు చేయదు కదా! ఒక్క చెట్టు దొంగదని తేలినా మొత్తం లెక్క కొట్టేయమని రాయాలి సార్."

కొట్టేస్తే ఏమవుతుందో వరండాలో అందరికీ తెలుసు. సొమ్ము ఆగుతుంది, కాపలా లేస్తుంది, వచ్చే ఎండాకాలానికి కొండ బూడిదవుతుంది. పైగా ఆ ఫారాల కింద ఉన్న సంతకం, జన్మలో దొంగ కాయితం ముట్టని రాజమోహన్ గారిది.

"ఏమయ్యా మాలకొండయ్యా! ఎక్కడయ్యా ఆ చెట్లు?"

మాలకొండయ్య నేల చూపులు చూశాడు. "నేనే దొంగలెక్క రాసినా అయ్యోరూ. అట్నే రాసుకోమను. నన్ను పనిలోంచి తీసేసి ఆరువందలకి లెక్క కట్టమను."

"నువ్వు కొలతలు రాసుకున్న అసలు పుస్తకం ఇలా ఇవ్వు పెద్దాయనా," అన్నది సుస్మిత.

అతను పుస్తకాన్ని పంచె మడతలో దాచుకోబోయాడు. రాజమోహన్ గారు లాగి ఇచ్చేశారు. కంపెనీ ఫారంలో 'ఇతర వివరాలు' అనే గడి లేదు గనుక ఆయన ఇన్నాళ్ళూ ఆ పుస్తకంలోని ఆ గడి చదివిన పాపాన పోలేదు. ఇప్పుడు సుస్మిత పైకి చదవసాగింది.

"ఆరువందల ఏడు. బిల్లు. జలదంకిలో కూతురింటికి పోయినాది, వచ్చినాక కొలవాల." ఆమె తలెత్తింది. "సార్, చెట్టు కూతురింటికి పోయిందా?"

రాజమోహన్ గారు కళ్ళజోడు పైకి తోసుకున్నారు.

"ఆరువందల తొమ్మిది. చండ్ర. పళ్ళు లేవు. రాగిజావ పొయ్యాల. ఆరువందల మూడు. రేల. కోపంగా ఉండాది, కొలవనీలేదు."

ఆ కోపం సరిగ్గా అప్పుడే వరండా మెట్లెక్కింది. రాఘవమ్మ రవిక చెయ్యి భుజం దాకా ఎగదోసి, దండ చాపి నిలబడింది.

"ఏందమ్మే, కంపెనీదానివి నువ్వేనా? కొలువు! ఇరవై నాలుగు ఉండాదో లేదో కొలువు! మీ పాడు రూలు కోసరం రెండేళ్ళుగా ఆ మేకపాలు తాగలేక చస్తా ఉండా. మడిసికి లావుండాలని రూలేందమ్మే, మేమేమన్నా దుత్తలూరు సంత పొట్టేళ్ళమా?"

సుస్మిత ఆ చేతిని చూసింది. పుస్తకంలోని ఆరువందల మూడును చూసింది. ఆవిడ వెనకనుంచి రెండు చేతులూ జోడించి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతున్న మాలకొండయ్యను చూసింది. మెల్లగా టేపు తీసి కొలిచింది.

"ఇరవై నాలుగు అవ్వా. సరిగ్గా ఉంది."

"అయితే ఇంక పాలు మానెయ్యొచ్చా?"

ఆడిటరమ్మ గొంతు సవరించుకుంది. "లేదవ్వా. ఈ ఏడు రూలు ఇరవై ఐదుకు పెంచారు."

"మీ కంపెనీ మీద మన్ను పొయ్య!" అన్నది రాఘవమ్మ. తర్వాత ఎదుటనున్న చేతికేసి చూసి, "దీని చెయ్యి చూడరా మాలకొండా, కందిపుల్ల! ఈళ్ళకి మాత్రం రూలు లేదా? ఒక చెంబెడు పాలు దీని మొహాన కొట్టు" అని తీర్పు చెప్పి వెళ్ళిపోయింది.

పాలు వచ్చాయి. సుస్మిత ముక్కు మూసుకుని తాగింది. తాగి, పదకొండు వరుసలనూ ఎర్రసిరాతో కొట్టేసి, పక్కన ఇలా రాసింది: 'ఇవి చెట్లు కావు. పొరపాటున లెక్కలో చేరినవి. మిగతా ఆరువందల కొలతలు సరిగా ఉన్నవి.'

ఆమె బండి కదిలాక రాజమోహన్ గారు అడిగారు. "వేరే పుస్తకం పెట్టుకోకూడదటయ్యా?"

"పెడితే అదేందని అడగరా? చెట్ల పుస్తకమైతే ఎవురూ తెరవరు."

"పోనీ, పేర్లయినా రాయకూడదా?"

"పేర్లు రాస్తే తిండి లేనోళ్ళ లిస్టు అయిపోతాది అయ్యోరూ. నంబరైతే చెట్టు. చెట్టుకేం నామోషీ?"

బీరువాలో భద్రపరచవలసిన కాయితం గనుక రాజమోహన్ గారు ఆ పుస్తకాన్ని తన చేతిలోకి తీసుకుని, అలవాటు కొద్దీ చివరి పుట దాకా తిప్పారు. ఆడిటరమ్మ పైకి చదవని వరుస ఒకటి అక్కడ మిగిలి ఉంది.

'611. నల్లమద్ది. పైకి గట్టి. కాయితాలు తింటాది, అన్నం మరిచిపోతాది. వారానికి రెండు తూర్లు గుడ్లు.'

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మాలకొండయ్య ఇదే అదను అనుకుని ఆయన దండకు టేపు చుట్టాడు.

"నిరుటికంటే ఒకటిన్నర పెరిగినావు అయ్యోరూ."

"నోరు ముయ్యవయ్యా. ఈ రోజు గుడ్లేవీ?"

సంచిలోంచి నాలుగు గుడ్లు వచ్చాయి. రాజమోహన్ గారు ఎప్పటిలాగే రసీదు పుస్తకం తీసి, తేదీ వేసి, 'ఉడికించిన గుడ్లు నాలుగు ముట్టినవి' అని రాసి, ముద్ర కొట్టారు. సంతకం చేయవలసిన చోట ఒక్క క్షణం ఆగి, ముత్యాల్లాంటి అంకెలతో 611 అని వేసి, చించి ఇచ్చారు.