ఏడో నంబరు బూట్లు

ఆ అమ్మాయిని చూడకముందే నాకు ఆమె మీద చిరాకు పుట్టింది. తాడిపత్రి బస్టాండు ముందు ఫ్లెక్సీలో నిలువెత్తున నిలబడి ఉంది. చేతిలో బంతి, కాళ్లకు ఎర్ర బూట్లు, ముఖాన నవ్వనేదే లేదు. కింద ‘మన ఊరి బంగారు కొండ’ అని రాసి ఉంది. ఆ పిల్ల బాస్కెట్‌బాల్ పట్టుకుని పట్టుమని ఏడాది కాలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, అప్పుడే ఇండియా జట్టులోకి పోతుందని జనం ఫోన్లలో రాసేసుకుంటున్నారు. బస్సులో నా పక్కన కూర్చున్నావిడ కూడా ఆమె వీడియో చూపించింది. మట్టి నేల మీద వట్టి కాళ్లతో ఎగిరి, రింగు దగ్గర బంతిని అందుకుంటోంది. ఎగరడం మాత్రం నిజంగానే ఎగిరింది.

నేను పామిడిలో ప్రభుత్వ బడి పిల్లలకు ఆటలు నేర్పుతాను. ఒకప్పుడు జిల్లా జట్టుకు ఆడినదాన్ని. మోకాలు పోయాక బంతి వదిలి ఈల పట్టాను. క్రీడా హాస్టల్లో ఒకే ఒక్క సీటు ఖాళీ ఉందని, దానికి అమ్మాయిని ఎంపిక చేయడానికి నన్ను కూడా రమ్మన్నారు. అనంతపురం నుంచి వచ్చిన పెద్ద కోచ్, ఒక కుర్ర మాస్టారు, నేను. ముగ్గురం.

నాయన పోయి అప్పటికి నెల తిరగలేదు. యాడికిలో మా చేను గట్టు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. శవం దగ్గర నేను ఏడవలేదు. మా మేనత్త పదిమందిలో అనేసింది కూడా. “రాయి మాదిరి కూచుండాదే! కంట్లో తడే లేదు. యాడ పుట్టిందమ్మా ఈ మనిషి?” ఏడుపు దిగమింగానని కాదు, అసలు లోపల ఏమీ లేదు. తిన్నది చప్పగా, తాగింది చప్పగా ఉండేది. ఎవరైనా పలకరిస్తే మాటలు దూరం నుంచి వినపడేవి. సెలెక్షనుకు వెళ్లడానికి ఒప్పుకున్నది కూడా ఇంట్లో ఉండలేకనే తప్ప, ఆట మీద మనసుండి కాదు.

కోర్టంతా బండలు పరిచి ఉంది. తాడిపత్రిలో బండలకేం కొదవ! మైదానం అంచున కుర్చీలు వేసి ఊరి పెద్దమనుషులను కూర్చోబెట్టారు. నడిమి కుర్చీలో బండల ఫ్యాక్టరీ ఓనరు. ఫ్లెక్సీలోని పిల్ల కూడా ఆ ఎర్ర బూట్లతోనే సెలెక్షనుకు వచ్చింది; ఊళ్లో సన్మానం చేసి వాటిని ఆమెకు బహుమతిగా ఇచ్చింది ఈ ఓనరే. పిల్ల తండ్రి ఆయన దగ్గరే పాలిష్ మిషను మీద పని చేస్తాడు. జుట్టులో తెల్లటి రాతి పొడి, చేతిలో తువ్వాలు. కూర్చోమన్నా కూర్చోకుండా కుర్చీల వెనకే నిలబడ్డాడు.

బంతి రింగులో పడినప్పుడు నేను ఆటగాళ్లను చూడను. అప్పుడు అందరూ మంచోళ్లే. తప్పిపోయాక ఏం చేస్తారు, పక్కపిల్ల బంతి జారవిడిస్తే ముఖం ఎలా పెడతారు, అది చూస్తాను. ఈ పిల్ల ముఖంలో ఏ మార్పూ లేదు. తప్పినా అంతే, పడినా అంతే. బంతి కోర్టు బయటికి పోతే నడిచి వెళ్లి తెచ్చింది. వీడియోలో అంత ఎత్తు ఎగిరిన పిల్ల ఇక్కడ నేల వదలడం లేదు. కిందపడ్డ బంతి కోసం వంగిన పాపాన పోలేదు.

“పొడుగుంటే చాలనుకుంటాండాది,” అన్నాడు కుర్ర మాస్టారు. “ఫ్లెక్సీ నెత్తికెక్కినట్టుండాది.”

పెద్ద కోచ్ తల పంకించాడు. “ఆట సంగతి కాదప్పా, గెలవాలనే ఆకలి లేదు. ముఖం చూడు, రాయి. ఇట్లాంటోళ్లు పైకి రారు. పక్కన పెట్టేద్దాం.”

రాయి అన్న మాటకు నేను ఆయన వైపు తిరిగాను. ఎందుకో ఒళ్లు మండింది. ముఖం చూసి లోపలున్నది చెప్పేయడం ఈ జనానికి ఇంత తేలికా! అప్పటినుంచి ఆ పిల్ల ముఖం మానేసి కాళ్లు చూడటం మొదలుపెట్టాను. దూకితే మడమల మీద దిగుతోంది. ఆగినప్పుడు పాదం పక్కకు వాల్చి నిలబడుతోంది. మునివేళ్ల మీద బరువే వేయడం లేదు. పైగా సాక్సులు లేవు.

విరామంలో నీళ్ల డ్రమ్ము దగ్గర పట్టుకున్నాను.

“కాలు నొప్పా?”

“లేదు మేడం.”

“సాక్సులేవి?”

“పట్టవు మేడం.” అనేసి నాలుక కరుచుకుంది.

“బూటు తీయి.”

తీయలేదు. కుర్చీల వైపు చూసింది. తర్వాత నేల చూస్తూ మెల్లగా చెప్పింది. “లోపలి అట్ట కూడా పీకేసినా మేడం. అయినా పట్టవు. నాది తొమ్మిది. ఇవి ఏడు.”

“కొనేటప్పుడు అడగలేదా?”

“మా నాయన్ను అడిగినారు. ఆడపిల్లకు అంత పాదమా అని నలుగురూ నవ్వుతారని ఏడని చెప్పినాడు. ఇప్పుడు ఓనరు ముందర ఇప్పితే మా నాయన తలెత్తుకోలేడు. చెప్పొద్దు మేడం, మీకు దండం పెడతా.”

“చెప్పకుంటే సీటు పోతాది పాపా. ఆ సార్లు నిన్ను తీసేసినట్టే.”

“పోతే పోనీ మేడం.”

అదే ముఖంతో అంది. నాకు జాలి కలగలేదు, కోపమే వచ్చింది. చెబితే మానం పోతుంది, చెప్పకుంటే ప్రాణం పోతుందని ఊరికే అన్నారా! నేనూ ఇలాగే నొప్పి చెప్పకుండా ఆడి మోకాలు పోగొట్టుకున్నదాన్ని. ఇంత ఎగరగలిగిన పిల్ల ఒక అంకె దగ్గర ఆగిపోవడమా అనిపించింది. కానీ చెప్పనని మాట ఇచ్చాను.

పెద్ద కోచ్ దగ్గరికి వెళ్లి, చివరి ఆట అందరినీ వట్టి కాళ్లతో ఆడిద్దాం, కాలి పట్టు ఎవరికి ఎంతుందో తెలుస్తుంది అన్నాను. ఎండ తగ్గింది, బండలు చల్లారాయి, ఆయనా అడ్డు చెప్పలేదు. అందరి కాళ్లూ బయటపడితే ఒక్కదాని కాళ్ల మీద ఎవరి కన్నూ నిలవదని నా లెక్క.

లెక్క తప్పింది. పిల్లలంతా బూట్లు విప్పి గట్టు పక్కన పడేశారు. ఈమె మాత్రం కోర్టు నడుమ కదలకుండా నిలబడింది. ఇప్పుడు చూడకూడదన్నా అందరూ ఆ కాళ్లనే చూస్తున్నారు.

ఓనరు కుర్చీలోంచి నవ్వాడు. “ఏం పాపా, కొత్త బూట్లు ఇడిసిపెట్టబుద్ధి కాలేదా?” మంచి మనసుతోనే అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పిల్ల తల వంచుకుంది. పెద్ద కోచ్ నా వైపు చూసి, చూశావా పొగరు అన్నట్టు చెయ్యి తిప్పాడు.

అప్పుడు కుర్చీల వెనకనుంచి తండ్రి కదిలాడు. చెప్పులు కోర్టు బయట విడిచి, గుడిలోకి వచ్చినట్టు వచ్చాడు. కూతురి ముందు గొంతుక్కూర్చుని ముడి విప్పాడు. “వద్దు నాయనా,” అంటోంది ఆమె. ఆయన వినిపించుకోలేదు. బూటు లాగితే ఒక పట్టాన రాలేదు. వచ్చాక బొటనవేలి గోరు నల్లబడి పైకి లేచి ఉంది. వేళ్ల సందుల్లో రక్తం ఎండిపోయి ఉంది.

ఆయన అక్కడే కూర్చుని ఓనరు వైపు తిరిగి గట్టిగా చెప్పాడు. “దీని కాలు తొమ్మిది సార్. నేనే ఏడని అబద్ధం చెప్పినా. నవ్వుతారని.”

ఎవరూ నవ్వలేదు. ఓనరు కుర్చీలోంచి లేచాడు. “నాతో చెప్పేదానికేమప్పా నీకు?” అన్నాడు. తండ్రి తువ్వాలు తడిపి ఆ వేళ్లు తుడిచాడు. ఇక చాలు, ఆడొద్దు అన్నాను నేను. ఆమె ముందు తండ్రిని చూసింది, తర్వాత పెద్ద కోచ్‌ను. “ఆడతా సార్,” అంది.

ఎక్కువసేపు ఆడనివ్వలేదు. కానీ మొదటి బంతి రింగుకు తగిలి పైకి లేచినప్పుడే, ఆ పిల్ల గాయమైన వేళ్ల మీదనే లేచి, మిగతా చేతులన్నిటికీ పైన దాన్ని అందుకుంది. ఇంకో బంతి కోర్టు దాటబోతుంటే ఆ బండల మీద మోచేతులు గీరుకుపోయేలా పడి ఆపింది. అంతదాకా ఫోను చూస్తున్న కుర్ర మాస్టారు దాన్ని జేబులో పెట్టేసుకున్నాడు.

సీటు ఆమెకే ఇచ్చాం. పెద్ద కోచ్ మహా సంబరపడిపోయాడు. “ఎంత సహనమో చూసినారా మేడం! ఇట్లాంటోళ్లే కావాల మనకు.”

“బండకు కూడా సహనం ఉంటాది సార్,” అన్నాను. “ఆటంటే ఈ పిల్లదే ఆట. కానీ నొప్పిని చెప్పదు. హాస్టల్లో మొదట అది నేర్పించండి. లేకుంటే నా మాదిరి ఈల ఊదుకుంటా కూచుంటాది.” నా గొంతు పెద్దదైనట్టుంది. ఆయన సరే సరే అన్నాడు.

జనం సర్దుకుంటున్నారు. తండ్రి గేటు దగ్గర తన చెప్పులు తెచ్చి కూతురి ముందు పెట్టాడు. ఆమె తొడుక్కుంది. సరిగ్గా సరిపోయాయి. ఆయన ఎర్ర బూట్లను చంకలో పెట్టుకుని వట్టి కాళ్లతో ముందు నడుస్తున్నాడు. నాలుగు అడుగులు వేసి ఆమె ఆగిపోయింది.

“నాయనా, నొప్పిగా ఉండాది.”

ఆయన వెనక్కి వచ్చాడు. “ఉండదా మరి! నా భుజం పట్టుకో. నిదానంగా పోదాం రా,” అని భుజం వంచాడు.

వాళ్లు అలా వెళుతుంటే ఆ పిల్ల అన్న మాట నా నోట్లో తిరిగింది. నాయనా, నొప్పిగా ఉండాది. చెప్పుకుందామంటే వినే మనిషి లేడు. ఇక ఉండడు. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు.