మార్కుల మిషను

మొన్న ఆదివారం అడాజన్‌లో ఉండే మా చెల్లెలు ఫోన్ చేసింది. దాని కూతురికి బరోడాలో కాలేజీ సీటు వచ్చింది, వచ్చే వారం హాస్టల్లో చేర్చాలి. "అక్కా, నువ్వొకసారి సర్ది పంపినవు గదా. ఏమేం పెట్టాలెనో జర రాసి పంపు" అంది. మా వాళ్లలో ఏ రాతపని వచ్చినా నా మీదే పడుతుంది. సూరత్‌లో మునిసిపల్ తెలుగు బడిలో ఇరవై రెండేళ్లుగా పాఠాలు చెబుతున్నదాన్ని కాబట్టి, రేషన్ కార్డు దరఖాస్తు నుంచి పెళ్లిపత్రిక దాకా అందరికీ నేనే గుర్తొస్తాను. నాకూ జాబితాలంటే ఇష్టమే. కాగితం తీసి, పక్కన గీత కొట్టి, అంకెలు వేసుకుని మొదలుపెట్టాను. బకెట్టు, మగ్గు, తాళం, దానికి రెండు చెవులు, పరుపు, దుప్పట్లు, బట్టలారేసే తాడు, స్టీలు పళ్లెం, గ్లాసు. పచ్చడి గాజు సీసాలో వద్దు, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి పైన రెండు కవర్లు చుట్టాలి, లేకపోతే పుస్తకాలు కూడా నూనె తాగుతాయి. పదకొండోది మందుల డబ్బా. అది రాసి పెన్ను పక్కన పెట్టాను. లేచి చాయ్ పెట్టుకున్నాను, తాగాను, మళ్లీ వచ్చి కూర్చున్నాను. పన్నెండో అంకె వేసి, దాని పక్కన ఏమీ రాయలేక మళ్లీ లేచాను.

మాది సూరత్‌లోనే భేస్తాన్ పేట. ఒక పెద్ద గది, దానికి ఆ చివర వంటగట్టు, ఈ చివర మా మామ మంచం. మా ఆయన చీరల పార్సిళ్లు మోసే టెంపో నడుపుతాడు. మామ మాత్రం అసలైన నేత మనిషి. కరీంనగర్ వైపు నుంచి పెళ్లికి ముందే సూరత్ వచ్చి, నలభై ఏళ్లు సాంచెల కార్ఖానాలో పనిచేశాడు. మరమగ్గాల్ని మావాళ్లు సాంచెలంటారు. ఆ నలభై ఏళ్లు ఆయనకు మూడు ఇచ్చాయి: చెవుడు, దగ్గు, ఒక ముడి. దగ్గు మా గల్లీలో ప్రతి ఇంట్లోనూ ఉండేదే, సాంచెల దగ్గు అని దానికి పేరు కూడా ఉంది, ఎవరైనా దగ్గితే తల తిప్పి చూసేవాళ్లు లేరు. ముడి అంటే, మగ్గం మీద పోగు తెగినప్పుడు వేసేది. రెండు కొసలూ కలిపి వేళ్ల మధ్య ఒక్క తిప్పు తిప్పితే నువ్వుగింజంత ముడి పడేది. పాల ప్యాకెట్టుకైనా, బియ్యం సంచికైనా ఆయన అదే వేసేవాడు, మేం విప్పలేక కత్తెర తెచ్చుకునేవాళ్లం. మా ఆయనకు ఆ ముడి ఎన్నిసార్లు నేర్పినా రాలేదు.

చెవుడు గురించి ఇంకో మాట చెప్పాలి. సాంచెల మోతలో పక్కవాడు అరిచినా వినపడదు. అందుకని అక్కడ పనిచేసేవాళ్లు పెదవుల కదలిక చూసి మాట పట్టేస్తారు. మామ ఇందులో ఘనుడు. గల్లీ ఆ చివర ఇద్దరు ఆడవాళ్లు ఏం మాట్లాడుకుంటున్నారో ఈ అరుగు మీద కూర్చుని నాకు చెప్పేవాడు. వాళ్లు నా గురించే మాట్లాడుకుంటున్నా చెప్పేవాడు, అదొక్కటే చిక్కు. కరోనా వచ్చి అందరూ మాస్కులు కట్టుకున్నాక ఆయనకు రెండోసారి చెవుడు వచ్చింది. దుకాణానికి వెళ్లి, మాస్కు కిందికి దించి మాట్లాడమని అడిగి నాలుగు చీవాట్లు తిని వచ్చేవాడు. ఇంట్లో మేం మాస్కులు లేకుండా ఉంటాం కాబట్టి, ఆయన లోకమంతా ఆ ఒక్క గదిలోకి వచ్చి కూర్చుంది.

మొదటి లాక్‌డౌన్ ఎత్తేశాక మా ఆయన ఒక ఆక్సీమీటర్ కొని తెచ్చాడు. మామ ఊపిరితిత్తుల సంగతి తెలిసిన గల్లీ డాక్టరు కొనమన్నాడు. రోజూ పొద్దున చాయ్ తాగేటప్పుడు మా అమ్మాయి దాన్ని తాత వేలికి పెట్టేది. ఆయనకు చదువు రాదు గానీ అంకెలు బాగా వచ్చు. ఎర్రటి అంకె వెలగగానే అది అడిగేది, "తాతా, మార్కులెన్ని?" ఆయన గంభీరంగా వేలు కళ్లదాకా తెచ్చుకుని, "తొంభై నాలుగు. పాసైన" అనేవాడు. తొంభై ఆరు వచ్చినరోజు గల్లీలో తిరిగి చెప్పుకొచ్చేవాడు. దానికి మార్కుల మిషను అని పేరు కూడా ఆయనే పెట్టాడు. బడులు మూతపడి నాకు దిద్దడానికి పేపర్లే లేని ఆ ఏడాది, మా ఇంట్లో రోజూ పరీక్ష రాసింది ఆయనొక్కడే.

2021 ఫిబ్రవరిలో కాలేజీలు తెరిచారు. మా అమ్మాయికి బరోడాలో సీటు ముందే వచ్చింది గానీ, అప్పటిదాకా చదువంతా ఫోన్లోనే. హాస్టల్ తెరుస్తున్నామనగానే నేను జాబితా రాసుకుని వారం రోజులు సర్దాను. బయల్దేరే ముందురోజు సాయంత్రం హాస్టల్ వాళ్లు ఫోన్‌కి కొత్త జాబితా పంపారు. కరోనా పరీక్ష రిపోర్టు, శానిటైజర్, థర్మామీటర్, చివర్న ఆక్సీమీటర్. లేనివాళ్లను లోపలికి రానివ్వరట. నేను టీచర్ని, జాబితాలో ఒక్కటి తక్కువైనా నాకు కాళ్లాడవు. వంటగట్టు దగ్గరికి మా ఆయన్ని పిలిచి, గొంతు బాగా తగ్గించి చెప్పాను. ఇంట్లో ఉన్నదే పంపిద్దాం, కరోనా ఎట్లాగూ పోయింది, మామకు చెబితే చిన్నబుచ్చుకుంటాడు, వారంలో కొత్తది కొని అక్కడే పెట్టేద్దాం, తెలియను కూడా తెలియదు అన్నాను. ఆయన ఒక క్షణం ఆలోచించి సరేనన్నాడు. మామ ఆ చివర మంచం మీద కూర్చుని మావైపే చూస్తున్నాడు. చెవిటివాడే కదా అనుకున్నాను. పదిహేడేళ్ల బిడ్డ తల్లినై ఆ ఇంట్లో ఉంటున్నదాన్ని, ఆ ఒక్క నిమిషం ఆయన కళ్ల సంగతి మరిచిపోయాను.

మిషను తీసి మందుల డబ్బాలో, జ్వరం బిళ్లల కింద పెట్టాను. డబ్బా ఇనప్పెట్టెలో పెట్టాను. పొద్దున లేచేసరికి మామ అమ్మాయి పరుపు చుట్టి తాడు కట్టేశాడు, పెట్టెకు కూడా గొళ్లెం ఊడకుండా అడ్డంగా తాడు బిగించాడు. అన్నీ టెంపోలోకి ఎక్కించాం. చీరల మూటలు మోసే బండిలో పరుపూ బకెట్టూ చూసి గల్లీవాళ్లు నవ్వారు, మా అమ్మాయి సిగ్గుపడి ఏడ్చింది, ఏడుపుకు అదొక సాకు. మామ దాని తల మీద చెయ్యి పెట్టి, "అన్ని ఉన్నయి పో బిడ్డా. ఒక్కటి గుడ మర్వలే" అన్నాడు.

బరోడా నుంచి వచ్చిన మర్నాడు పొద్దున చాయ్ గ్లాసు ఇస్తుంటే నాకే ఆగలేదు. ఆయన అడగలేదు, వేలు చాపలేదు. నేనే ఎదురుగా కూర్చుని, ఆయనకు తెలిసేలా పెదవులు నిదానంగా కదిపి, మిషను పాడైంది మామా, రిపేరుకిచ్చినం అని చెప్పాను. ఆయన నా నోటివైపే చివరిదాకా చూశాడు. తర్వాత చాయ్ ఊదుకుంటూ, "సరే తియ్ బిడ్డా. నాకు గిప్పుడు మార్కులెందుకు" అన్నాడు. గండం గడిచిందనుకుని నేను బడికి వెళ్లిపోయాను.

కొత్తది ఎందుకు కొనలేదని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. డబ్బు లేక కాదు, దొరక్క కాదు. అప్పుడు ప్రతి మందుల దుకాణంలోనూ గాజు బల్ల కింద వరుసగా ఉండేవి. ఒక శనివారం వెళ్దామనుకున్నాను, ఆ శనివారం చుట్టాలింట్లో పెళ్లి. ఇంకో వారం బడిలో ఏదో తనిఖీ. అందరూ మాస్కులు గడ్డం కిందికి దించుకుని తిరుగుతున్న రోజులవి. మార్చిలో కేసులు పెరిగి హాస్టల్ మూసేశారు. పది పదిహేను రోజుల్లో మళ్లీ తెరుస్తామని చెప్పడంతో, మా అమ్మాయి పెట్టె అక్కడే వదిలి భుజానికొక సంచీ తగిలించుకుని వచ్చేసింది. మిషను సంగతి అడిగాను. డబ్బాలోనే ఉంది, హాస్టల్ గేటు దగ్గర వాళ్ల మిషనే ఉంది, మనది ఎవరూ అడగలేదు, నేను తెరవనే లేదు అంది. ఇంక కొత్తది ఎందుకు, పది రోజుల్లో అదే వస్తుంది కదా అని నేను మళ్లీ వాయిదా వేశాను.

ఏప్రిల్ మొదటి వారంలో మామకు ఒళ్లు వెచ్చబడింది. దగ్గు ఎప్పటిలాగే ఉంది, కాస్త ఎక్కువగా ఉందేమో, మేం లెక్కచేయలేదు. జ్వరం బిళ్ల వేస్తే తగ్గింది. అరుగు మీద కూర్చున్నాడు, అన్నం తిన్నాడు, ఏమైనా ఇబ్బందిగా ఉందా అంటే, "ఏం లేదు, సాంచెల దగ్గే గిది" అన్నాడు. మూడోరోజు మెట్టు ఎక్కుతూ మధ్యలో నిలబడిపోయాడు. అప్పుడు భయం వేసింది. మా ఆయన ఆక్సీమీటర్ కోసం భేస్తాన్‌లో మొదలుపెట్టి పక్క పేట ఉన్ దాకా, అటునుంచి తాపీ నది దాటి చెల్లెలుండే అడాజన్ దాకా దుకాణాలన్నీ తిరిగాడు. ఎక్కడా లేదు. మా చెల్లెలి ఇంట్లో ఒకటుంటే దాన్ని వాళ్ల బిల్డింగులో జబ్బుపడ్డ నాలుగిళ్లవాళ్లు వంతులేసుకుని వాడుతున్నారు. ఆ వంతుల్లోంచి ఒక గంట అడిగి తీసుకుని, మర్నాడు మధ్యాహ్నం చెల్లెలే స్కూటర్ మీద పట్టుకొచ్చింది. మా అమ్మాయి తాత వేలికి పెట్టింది. మార్కులెన్ని అని అడగలేదు. ఆయనే వేలు కళ్లదాకా తెచ్చుకుని చూశాడు. అరవై ఎనిమిది. మా అందరి ముఖాల్లోకీ ఒకసారి చూసి, కొంచెం నవ్వి, "ఫెయిలైన బిడ్డా" అన్నాడు.

అంబులెన్స్ రావడానికి సాయంత్రమైంది. వెంట ఎవరూ రాకూడదన్నారు. స్ట్రెచర్ లోపలికి తోస్తుంటే నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. నా ముఖానికి రెండు మాస్కులున్నాయి, ఒకదాని మీద ఒకటి. ఆ మాస్కుల వెనక నుంచి మొత్తం చెప్పేశాను. మిషను పాడుకాలేదని, నేనే తీసి పెట్టెలో పెట్టానని, కొంటానని కొనలేదని, నన్ను మాఫ్ చెయ్యమని. ఆయన నా మాస్కు వైపు చూస్తూ ఉన్నాడు. దించి చెప్పొచ్చు, ఒక్క క్షణం పని. రోగానికి భయపడి దించలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి దించి ఉంటే ఆయనకు తెలిసిపోతుందని దించలేదు. ఆయనకు తెలియకుండా ఆయనకే క్షమాపణ చెప్పుకున్నాను. నాలుగోరోజు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. రెండు రోజులు ముందు తెచ్చి ఉంటే బాగుండేదని అక్కడి డాక్టరు అన్నాడని మా ఆయన చెప్పాడు. మా అమ్మాయి వెక్కివెక్కి ఏడ్చింది, "నేనే మర్చిపోయొచ్చిన మమ్మీ, పెట్టె తెచ్చుంటే తాత బతుకుతుండె" అంటూ. నేను దాని వీపు నిమురుతూ కూర్చున్నాను. తప్పు నీది కాదు, పంపిందీ నేనే, కొత్తది కొననిదీ నేనేనని అప్పటికప్పుడు చెప్పాల్సింది. చెప్పలేదు.

వానలు వెనకబట్టాక హాస్టల్ మళ్లీ తెరిచారు. ఈసారీ అమ్మాయి వెంట నేను వెళ్లాను. గదిలో దుమ్ము దులిపి, పెట్టె తెరిచి, మందుల డబ్బా మూత తీశాను. జ్వరం బిళ్లల కింద నేను పెట్టిన మిషను నేను పెట్టినట్టు లేదు. చీర అంచు ముక్కలో చుట్టి ఉంది. కార్ఖానాలో మిగిలిన చిందీలు మామ సంచీడు దాచుకునేవాడు, ఆ ముక్కే. మీద దారం, దారానికి నువ్వుగింజంత ముడి. మా అమ్మాయి నా చేతిలోంచి తీసుకుని, "తాత ముడి గదా మమ్మీ" అంది. పళ్లతో కొరికి తెంపింది. లోపల మిషనుతో పాటు రెండు కొత్త సెల్లులు, దుకాణం కాగితం కూడా తీయనివి. గల్లీ చివరిదాకా నడిస్తే రొప్పే మనిషి ఆ సాయంత్రం వెళ్లి కొనుక్కొచ్చాడు. వంటగట్టు దగ్గర నా పెదవుల మీద ప్రతి మాటా ఆయన చదివాడు. అడిగితే నేను ఇబ్బందిపడతానని అడగలేదు. బరోడా నుంచి వచ్చాక చాయ్ దగ్గర నేను నిదానంగా, స్పష్టంగా ఆడిన అబద్ధాన్ని కూడా అంతే ఓపికగా చదివాడు. ఆ హాస్టల్ గదిలో ఇనప మంచం మీద కూర్చుని మా అమ్మాయికి అంతా చెప్పాను. అది ముడి తెంపినందుకు ఏడ్చింది. మళ్లీ వేయడం మా ఇద్దరికీ రాదు.

మొన్నటి జాబితాలో పన్నెండో అంకె పక్కన ఏమీ రాయకుండానే చెల్లెలికి ఫోన్ చేశాను. ఇంట్లో వాడే వస్తువు ఒక్కటి కూడా తీసి పెట్టెలో పెట్టకు, ఏం కావాలన్నా కొత్తది కొను అన్నాను. అది నవ్వి, "ఇంకా వారముంది గదనే, కొందం తియ్" అంది. "ఇయ్యాలే కొను" అన్నాను, నా గొంతు నాకే గట్టిగా వినపడింది. అది సరేనంది. ఆ రోజుల గురించి మాట్లాడేటప్పుడు, ఏం చేస్తాం, కాలం అలాంటిది అని అందరూ అంటారు. నేను మాత్రం ఆ మాట అనలేను. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కాలం నాకు ఏడు వారాలు ఇచ్చింది, ఆ ఏడు వారాలూ మా గల్లీ చివరి మందుల దుకాణం రోజూ తెరిచే ఉంది.