రెండు రోడ్లు కలిసిన చోటు

బస్సు నున్నటి రోడ్డెక్కితే నాకు ఒకామె గుర్తొస్తుంది. నర్సీపట్నంలో బస్సెక్కి నా పక్కన కూర్చుంది. ఏడాదిగా కూతురింట్లో ఉండి, కొండమీది తన ఊరికి తిరిగి వెళ్తోందట.

ఘాట్ రోడ్డు మొదలవగానే నా చెయ్యి పట్టుకుంది.

"గట్టిగా కూకో తల్లీ, ఇక్కడ బస్సు ఎగిరిపడతాది."

బస్సు కుదుపు లేకుండా సాగిపోయింది. ఆమె తెల్లబోయింది.

"ఏటి బాబూ, ఇక్కడి మెట్టు ఏటయిపోనాది?" అని కండక్టర్ని అడిగింది.

"కింద రోడ్డు ఒక ఆఫీసుది, పైది ఇంకో ఆఫీసుదమ్మా. ఎవులికి నచ్చిన ఎత్తున ఆలు ఏసుకునీవోరు, రెండూ కలిసేకాడ మెట్టు పడీది. ఇప్పుడు రెండాఫీసులోళ్లూ కూకొని, ఒకే కొలతకి ఏసినారు."

ఆమె నావైపు తిరిగి నెమ్మదిగా అంది.

"మా ఆయన ఆ మెట్టు కాడే బండి మీంచి పడి సచ్చిపోనారు. అడిగితే, రెండాఫీసులోళ్లూ మా రోడ్డు కాదంటే మా రోడ్డు కాదన్నారు."

ఆమె లేచి నిలబడింది.

"ఆపు బాబూ, దిగిపోతాను," అంది.

"మీ ఊరింకా రాలేదమ్మా," అన్నాడు కండక్టర్.

"తెలుసు."

దిగి వెనక్కి నడిచింది. బస్సు మలుపు తిరిగేలోగా కిటికీలోంచి చూశాను. ఆ మెట్టు ఉండిన చోట రోడ్డు పక్కన కూర్చుని, తారును అరచేత్తో మెల్లగా నిమురుతోంది.