రెండు ఏలు, ఒక వై

రావులపాలెంలో అరటి గెలల కొట్లో నేను గుమాస్తాని. రేటు అడిగే వ్యాపారులకి ఫోన్‌లో దానంతటదే జవాబిచ్చే చాట్‌బాట్ ఒకటి తయారుచేశాను. అది బాగా నడిచేసరికి కళ్లు నెత్తికెక్కి, మామిడికుదురులో ఒంటరిగా ఉండే అక్కకి కూడా ఒకటి చేసిపెట్టాను.

అక్క రిటైరైన తెలుగు టీచరు. అమ్మా నాన్నా పోయాక నన్ను పెంచింది తనే. ఆమధ్య గుండెకి స్టెంటు వేసినప్పుడు, రోజూ పొద్దున్నే ఫోన్ చేసి కనుక్కోమన్నారు డాక్టరుగారు. అది గెలలు లోడెత్తే వేళ, కుదరదనుకున్నాను. కుదరక కాదు, బద్ధకం. ఇప్పుడు అబద్ధమెందుకు.

"లోడు వేళ నేను ఫోన్ ఎత్తను. బాగోకపోతే దానికి చెప్పు చాలు, నాకు చేరిపోతుంది," అన్నాను అక్కతో.

బాటు ఎనిమిదింటికి "వందనాలు అక్కగారూ, ఒంట్లో బాగుందా అండీ?" అని అడుగుతుంది. జవాబు "ఆయ్" అయితే "సంతోషం అండీ. జాగ్రత్తగా ఉండండి" అంటుంది. కాకపోతే నా ఫోన్ మోగిస్తుంది. ఈ "అయితే, కాకపోతే" వివరిస్తే అక్క నవ్వింది.

"ఓస్, చేదర్థకమే కదరా! వస్తే, తింటే... చిన్నప్పుడు నీకు చెప్పలేదూ?"

మొదటి వారమంతా నా ఫోన్ మోగి చంపింది. జవాబు "ఆయ్"తో అక్షరం తేడా లేకుండా సమానమైతేనే బాటు ఒప్పుకునేది. అక్కేమో "ఆయ్ అండీ" అనేది. "ఆయ్, టిఫినయ్యింది" అనేది. పైగా అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో.

"తెలుగు టీచరువి, తెలుగులో కొట్టలేవా?"

"ఆ ఒత్తులు ఎక్కడున్నాయో కనపడవురా. అయినా అంత మర్యాదగా అడిగితే అండీ అనకుండా ఎలాగ? నీకైతే ఊఁ అంటే సరిపోతుంది."

విసుగొచ్చి పోలిక మార్చేశాను. "సమానమైతే" తీసేసి "దీనితో మొదలైతే" అని పెట్టాను. రెండు ఏలు, ఒక వై: aay. వాటితో మొదలైన జవాబేదైనా "ఆయ్" కిందే లెక్క. ఆ తర్వాత నా ఫోన్ మోగలేదు. హాయిగా ఉందనుకున్నాను. ఆదివారాలు అక్కకి ఫోన్ చెయ్యడం కూడా మానేశాను.

వానలు పట్టిన ఒక మంగళవారం, లారీకి గెలలు ఎత్తిస్తుంటే పదిన్నరకి అక్క పక్కింటావిడ ఫోన్ చేశారు.

"మీ అక్కగారు కుర్చీ గేటుకేసి తిప్పుకుని కూర్చున్నారండి. అలాగే ఒరిగిపోయేరండి. పిలిస్తే పలకట్లేదండి."

నేను వెళ్లేసరికి అక్క లేదు.

ఒక్క ఫోన్ చెయ్యకూడదా అని, చచ్చిపోయిన మనిషి మీద కోపం తెచ్చుకున్నాను. చర్చివాళ్లు పెట్టిన ఆదరణ కూటంలో కూడా ఆ కోపంతోనే కూర్చున్నాను. అందరూ వెళ్లిపోయాక అక్క ఫోన్ తెరిచాను.

ఆ మంగళవారం ఎనిమిదీ నాలుక్కి అక్క రాసింది: "ఆయాసంగా ఉందండి."

ఆయాసం కూడా రెండు ఏలు, ఒక వైతోనే మొదలవుతుంది.

"సంతోషం అండీ. జాగ్రత్తగా ఉండండి," అంది నా బాటు.

దాని కింద అక్క జవాబు. "ఆయ్ అండీ. తమ్ముణ్ణి రమ్మనండి."

"సంతోషం అండీ. జాగ్రత్తగా ఉండండి," అంది మళ్లీ.

కబురు నాకు అందిందనే అనుకుంది అక్క. కుర్చీ గేటుకేసి ఎందుకు తిప్పుకుందో నాకు అప్పుడు తెలిసింది.